ఫఖర్ చాలు, తహ్కీక్ కావాలి

జుమ్మా రోజు పొద్దున ఫోన్ తెరిస్తే చాలు, ఖానదాన్ గ్రూపుల్లో ఒకటే వరస. ఆల్జీబ్రా మనదే. కెమెరా మనదే. సర్జరీ మనదే. కింద "ఫఖర్ సే షేర్ కరో" అని రాసుంటుంది. చాచా పంపింది మామూ పంపుతాడు, మామూ పంపింది ఖాలా పంపుతుంది. అందులో కొంత నిజం, కొంత సగం నిజం, కొంత పూర్తిగా గాలి మాట. ఏది ఏమిటో విడదీసి చూసేవాళ్లు గ్రూపులో ఒక్కరూ ఉండరు. విడదీయబోతే "క్యా మియా, ఇస్ మే భీ శక్?" అని మనల్నే శక్‌గా చూస్తారు.

నా షికాయత్ ఫఖర్ మీద కాదు. పెద్దల గొప్పతనం చెప్పుకోవడంలో తప్పేమీ లేదు. వాళ్లు ఆ గొప్ప పని ఎట్లా చేశారో అది మాత్రం మనం నేర్చుకోవడం లేదు. వాళ్లు చేసిన పని పేరు తహ్కీక్. ఆ మాటలోనే 'హఖ్' ఉంది. ఒక విషయంలో హఖ్ ఏమిటో తేల్చుకోవడమే తహ్కీక్. సూరా హుజురాత్ ఆరో ఆయత్ కూడా మనకు చెప్పేది అదే: ఎవరైనా ఖబర్ తెస్తే ముందు జాంచ్ చేసుకోండి. హదీసు ఉలమా తరాల పాటు ఒక్కో మాట వెనక ఎవరున్నారు, వాళ్ల మాట నమ్మొచ్చా అని వెతుక్కుంటూ పోయారు. అట్లాంటి ఉమ్మత్‌కి ఫార్వర్డ్ బటన్ ఇంత ప్రియమైపోవడమేంటి?

రెండో షికాయత్ ఇంకా ఉంది. 'రీసెర్చ్' అనగానే మన ఇళ్లలో తెల్ల కోటు, గాజు సీసాలు, అమెరికా వీసా గుర్తొస్తాయి. మా మొహల్లాలో ఒక దోస్త్ కూతురు హిస్టరీలో ఎం.ఏ. చేస్తానంటోంది. ఆయన నన్ను ఆపి అడిగాడు: "భాయ్, జర్నలిస్టువి గదా, నువ్వే చెప్పు. బీఫార్మసీ వదిలి హిస్టరీ చదివితే ఏమొస్తది?" ఆయన కోపంగా అడగలేదు, ఫికర్‌తో అడిగాడు. ఆయన చిన్న కొడుకేమో నోట్‌బుక్కులో గీతలు కొట్టి, గల్లీ ఫుట్‌బాల్ మ్యాచుల్లో ఎవరు ఏ కాలితో గోల్ కొట్టారో రాస్తుంటాడు. దాన్ని ఇంట్లో అందరూ 'టైం ఖరాబ్' అంటారు. ఆ ఇద్దరు పిల్లల తరఫున ఇది రాస్తున్నాను. దలీల్ కోసం బగ్దాద్, ఖుర్తుబా దాకా పోను. మన షహర్ చాలు.

ఆకాశంతో మొదలుపెడతాను. పాతబస్తీలో ఫిసల్‌బండ మీదుగా మనం రోజూ పోతుంటాం. నవాబ్ జఫర్ జంగ్ అనే అమీర్‌కి నక్షత్రాల శౌక్ ఉండేది. ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల టెలిస్కోప్ తెప్పించి 1901లో ఆ ఫిసల్‌బండలోనే అబ్జర్వేటరీ మొదలుపెట్టాడు. నిజాం గారి పేరు మీద దానికి నిజామియా అని పేరు పెట్టాడు. ఆయన ఇంతఖాల్ అయ్యాక 1908లో సర్కార్ దాన్ని తన చేతిలోకి తీసుకుంది. అక్కడి నుంచి అది బేగంపేటకు చేరింది, 1919లో ఉస్మానియా యూనివర్సిటీ కిందికి వచ్చింది.

అప్పటికి పారిస్ కేంద్రంగా ఒక పెద్ద పని నడుస్తోంది. మొత్తం ఆకాశాన్ని ముక్కలు చేసి, దేశాలు పంచుకుని, ఫొటోలు తీసి, ఒక్కో నక్షత్రం ఎక్కడుందో కొలిచి ఫెహ్‌రిస్త్ రాయాలి. 1887లో మొదలైన ఆ పనిలో దక్షిణ ఆకాశపు ఒక పట్టీ చిలీ దేశపు శాంటియాగో వంతు. వాళ్లు పూర్తి చేయలేకపోయారు. అది హైదరాబాద్‌కు వచ్చింది. మనవాళ్లు గాజు పలకల మీద ఫొటోలు తీసి, ఒక్కో చుక్కనూ కొలిచి, అంకెలు రాసుకుంటూ పోయారు. తర్వాత జర్మనీలోని పోట్స్‌డామ్ వాళ్ల వంతులో మిగిలిన భాగం కూడా మీద వేసుకున్నారు. దశాబ్దాల మెహనత్. 12 సంపుటాలు. ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలు.

ఆ పనిలో మెరుపు లేదు. కొత్త గ్రహం కనుక్కున్నామని ఎవరూ చాటలేదు. రాత్రి ఫొటో, పగలు కొలత, మళ్లీ రాత్రి ఫొటో. కానీ 2000 సంవత్సరంలో యూరప్ వాళ్లు హిప్పార్కస్ ఉపగ్రహం ఇచ్చిన కొలతలతో ఇరవై ఐదు లక్షల నక్షత్రాల కొత్త పట్టిక, టైకో-2, తయారుచేసినప్పుడు ఒక చిక్కొచ్చింది. నక్షత్రం ఎటు కదులుతోందో తెలియాలంటే ఇవాళ అది ఎక్కడుందో తెలిస్తే చాలదు, వందేళ్ల కిందట ఎక్కడుండేదో కూడా తెలియాలి. అప్పుడు వాళ్లకు పనికొచ్చింది ఆ పాత ఫెహ్‌రిస్తే, అందులో హైదరాబాద్ రాసిన వంతు కూడా. ఫిసల్‌బండలో ఒక నవాబ్ శౌక్‌గా మొదలైంది ఉపగ్రహానికి గవాహీ అయింది. ఆ అబ్జర్వేటరీలో పనిచేసిన ఒకాయన కొడుకే వేణు బప్పు. కావలూరులో దేశం గర్వించే పెద్ద టెలిస్కోప్‌కి ఇవాళ ఆయన పేరే ఉంది. ఇంట్లో నాన్న చేసే పని పిల్లాడి కళ్లకు ఎంత దూరం చూపిస్తుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇప్పుడు కిందికి, దవాఖానాకు వద్దాం. తహ్కీక్ అంటే ఎప్పుడూ గెలుపే అనుకోవద్దు. 1888లో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ జమానాలో, అఫ్జల్‌గంజ్ దవాఖానాలో ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ ఉండేవాడు. ఆపరేషన్‌కి ముందు ఇచ్చే క్లోరోఫాంతో కొందరు మరీజ్‌లు చనిపోతుండేవారు. అది ఊపిరిని ఆపుతుందా, గుండెను ఆపుతుందా అని ప్రపంచమంతా బహస్ నడుస్తోంది. లారీ ఒక కమిషన్ పెట్టి, జంతువుల మీద పరీక్షించి, ఊపిరిని చూసుకుంటే చాలు, గుండెకు ఖత్రా లేదన్నాడు. లండన్ 'లాన్సెట్' పత్రిక నమ్మలేదు. నిజాం సర్కార్ ఏం చేసింది? 'మా మీద శక్ చేస్తారా' అని రూఠ్ కూర్చోలేదు. వెయ్యి పౌన్లు ఇచ్చి, మీ మనిషినే పంపండి, మా ఎదుటే జాంచ్ చేయండి అంది. 1889లో లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టర్ వచ్చాడు. వందల జంతువుల మీద మళ్లీ పరీక్షలు జరిగాయి. ఆయన కూడా చివరికి లారీ మాటే నిజమన్నాడు.

ఖిస్సా అక్కడితో అయిపోతే వాట్సాప్‌లో ఫఖర్‌గా పంపుకునేవాళ్లం. కానీ అయిపోలేదు. 1911లో లెవీ అనే ఇంగ్లిష్ డాక్టర్ ఇంకో సంగతి చూపించాడు: క్లోరోఫాం తక్కువ మోతాదులో ఇచ్చినప్పుడు కూడా గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. అంటే అఫ్జల్‌గంజ్ నతీజా పూర్తిగా నిలబడలేదు. మరి ఆ రెండు కమిషన్లు వృథానా? కానే కాదు. వాళ్లు ఏం చేశారో, ఎట్లా చేశారో వరసగా రాసిపెట్టారు కాబట్టే, తర్వాతివాళ్లు ఎక్కడ తేడా వచ్చిందో వెతకగలిగారు. ఊపిరి మీద కన్నేసి ఉంచాలన్న వాళ్ల హెచ్చరిక ఎందరికో పనికొచ్చింది. ఆ దవాఖానా మాహోల్‌లోనే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ, మత్తు ఇచ్చే పనిలో దునియాలోనే మొదటి మహిళా డాక్టర్లలో ఒకరిగా పేరు తెచ్చుకుంది. రాసి ఉన్న గల్తీని సరిదిద్దొచ్చు. రాయని గొప్పను ఎవరూ పరీక్షించలేరు, ఎవరూ నేర్చుకోలేరు.

దవాఖానా మాట వచ్చింది కాబట్టి ఒక పేరు చెప్పి ముందుకు పోతాను. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. దానికి 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. ఆ దోమలకు తన నెత్తురు తాగనిచ్చిన మరీజ్ పేరు హుసేన్ ఖాన్. ఒక్కో దోమకు ఒక్కో అణా ఇచ్చారు. రాస్ ఆ పేరు రాసిపెట్టాడు కాబట్టి మనకు తెలిసింది. ఏ తహ్కీక్‌లోనైనా సాహెబ్ ఒక్కడే ఉండడు, చేయి చాపి కూర్చున్న హుసేన్ ఖాన్ కూడా ఉంటాడు. మన పిల్లలకు చెప్పేటప్పుడు రెండు పేర్లూ చెప్పాలి.

ఇక నది. మూసీ సంగతి పాతబస్తీకి ఎవరూ నేర్పక్కర్లేదు. 1908 సెప్టెంబర్ 28 తుగ్యానీ మన నానీమాల నానీమాలు చెప్పుకున్న ఖయామత్. వేల మంది పోయారు. మరుసటేడు నిజాం సర్కార్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన ముందు గోడ కట్టమనలేదు, ముందు లెక్క అడిగాడు. ఎక్కడ ఎంత వాన పడింది? ఎన్ని చెరువులున్నాయి? ఎన్ని తెగాయి? షహర్‌కి ఎగువన 860 చదరపు మైళ్ల మేర నీళ్లు మూసీలోకి వస్తాయి. అందులో 788 చెరువులు. ఆ తుగ్యానీలో 221 తెగాయి. ఈ అంకెలు చేతికొచ్చాక జవాబు దానంతటదే కనబడింది: నీళ్లను షహర్‌లో ఆపలేం, ఎగువనే ఆపాలి. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో తయారయ్యాయి. ఆ దౌర్‌లో మన నవాబ్ అలీ నవాజ్ జంగ్ సర్కార్ చీఫ్ ఇంజనీరుగా ఉండి మంజీరా మీద నిజాంసాగర్ కట్టించాడు. ఆయన పుట్టిన జులై 11నే తెలంగాణ ఇంజనీర్స్ డే.

ఇక ఇవాళ్టి సంగతి. 2020 అక్టోబర్‌లో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబానగర్ గల్లీల్లోకి నీళ్లొచ్చాయి. పల్లె చెరువు నీళ్లు అల్ జుబైల్ కాలనీ వైపు వచ్చాయి. మనుషులు కొట్టుకుపోయారు. షాదీల కోసం దాచిన సామాను, పిల్లల సర్టిఫికెట్లు, కుట్టుమిషన్లు బురదలో పోయాయి. తర్వాత ఏమైంది? లీడర్లు వచ్చారు, రాహత్ వచ్చింది, వీడియోలు తీశారు, మరిచిపోయారు. ఆ రోజు ఏ ఇంటి గోడ మీద నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయి, ఏ గల్లీలో ముందొచ్చాయి, ఎన్ని గంటలకు తగ్గాయి? ఇవి రాసిపెట్టిన మొహల్లా కమిటీలు ఎన్ని? సర్వే నంబర్లు, పాత నక్షాలు తీసి, చెరువు ఎక్కడిదాకా ఉండేది, నాలా ఎటు పోయేది అని చూసినవాళ్లు ఎందరు? ప్లాటు కొనేముందు మనం వాస్తు అడిగాం, మస్జిద్ ఎంత దూరమని అడిగాం, నీళ్ల దారి అడగలేదు. విశ్వేశ్వరయ్య 788 లెక్కపెట్టాడు. మన చుట్టూ ఉన్న ఏడో ఎనిమిదో మనమే లెక్కపెట్టుకోలేమా? పదో తరగతి పిల్లలు సున్నం డబ్బా పట్టుకుని గోడల మీద గీతలు గీసి తారీఖు రాస్తే, అది టెక్నాలజీలో తహ్కీక్ కాదా? వచ్చే వానకు ప్రాణాలు కాపాడేది అదే.

ఆ అమ్మాయి హిస్టరీ దగ్గరికి వస్తాను. 1888లో ఇదే షహర్‌లో దాయిరతుల్ మఆరిఫ్ మొదలైంది. ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్, ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, మౌలానా అన్వారుల్లా ఖాన్ వంటి పెద్దలు నిలబెట్టిన ఇదారా. దాని పని పాత అరబీ చేతిరాత కితాబులు వెతికి, ఒక్కో కితాబుకు దొరికినన్ని నకళ్లు తెప్పించి, పదం పక్కన పదం పెట్టి పోల్చి, ఏది అసలు పాఠమో తేల్చి అచ్చువేయడం. ఇంద్రధనుస్సు ఎందుకొస్తుందో తెలుసుకోవడానికి నీళ్లు నింపిన గాజు గోళంతో ప్రయోగం చేసిన కమాలుద్దీన్ ఫారిసీ కితాబు 1928-30లో అచ్చయింది మన హైదరాబాద్‌లో. అల్ బిరూనీ ఖగోళశాస్త్ర గ్రంథం అల్ ఖానూనుల్ మసూదీ 1954-56లో మూడు సంపుటాలుగా అచ్చయింది కూడా ఇక్కడే. వాట్సాప్‌లో మనం ఫఖర్‌గా పంపే పేర్లలో కొన్నిటిని దునియా సరిగ్గా చదవగలుగుతోందంటే, దాని వెనక ఉస్మానియా క్యాంపస్‌లోని ఆ ఇదారాలో కళ్లు అరగదీసుకున్న ప్రూఫు దిద్దేవాళ్లు ఉన్నారు.

ఈ షహర్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా సాబ్ ఇంకో మిసాల్. హజ్రత్ అబూ హురైరా శాగిర్ద్ హమ్మామ్ ఇబ్న్ మునబ్బిహ్ రాసుకున్న చిన్న హదీసు సంపుటి చేతిరాత ప్రతులు బెర్లిన్‌లో ఒకటి, దమిష్క్‌లో ఒకటి ఉన్నాయి. ఆయన రెంటినీ పట్టి, పోల్చి, 1953లో అచ్చువేయించారు. హదీసులు రెండు వందల ఏళ్ల తర్వాత రాశారు కాబట్టి నమ్మలేం అనేవాళ్లకు ఆయన గట్టిగా అరిచి జవాబివ్వలేదు. కాగితం తెచ్చి ముందు పెట్టారు. చూడండి, ఇది అంత పాతది, తర్వాతి కితాబుల్లోని మాటలతో కలుస్తోంది అన్నారు. 1948 తర్వాత ఏ దేశపు పౌరసత్వమూ లేకుండా పారిస్‌లో ఒక చిన్న గదిలో బతికారు, 2002లో అమెరికాలో కన్నుమూశారు. హిస్టరీ చదివితే ఏమొస్తది అంటే, అది వస్తది.

ఇది ఒక్క ముసల్మాన్ల సంగతి అనుకోవద్దు. అదే షహర్‌లో గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారున్నారు. నిజాం ఇలాఖాలో తెలుగు కవులే లేరని ఎవరో అన్నారు. పౌరుషం పొంగే మాట. ఆయన తిట్టుకు తిట్టు రాయలేదు. ఊరూరికీ ఉత్తరాలు రాసి, కవిత్వం తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. జవాబు పూర్తయింది. నేను తెలుగు డిగ్రీ చదివేటప్పుడు ఈ సంగతి తెలిసి, ఉర్దూ మీడియం నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి, మనసులో ఒక మాట రాసుకున్నాను: తౌహీన్‌కి జవాబు ఫఖర్ కాదు, ఫెహ్‌రిస్త్. మన మీద రోజూ ఏదో ఒక ఇల్జామ్ వస్తూనే ఉంటుంది. ముసల్మాన్లు ఈ నేలకు ఏమిచ్చారు అని అడుగుతారు. బీపీ పెంచుకునే బదులు మన ఊరి దర్జీలు, మేస్త్రీలు, బిద్రీ కారీగర్లు, హకీమ్‌లు, తెలుగులో రాసిన ముస్లిం కవులు, వీళ్ల ఫెహ్‌రిస్త్ రాయడం మొదలుపెడదాం. 354 దాకా పోనక్కర్లేదు, 35తో మొదలుపెట్టినా చాలు.

మన షహర్ తారీఖ్‌లో చాలా భాగం ఉర్దూ, ఫార్సీ కాగితాల్లో ఉంది. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో, సాలార్‌జంగ్ మ్యూజియం లైబ్రరీలో, మన ఇళ్ల అటకల మీద. చదవగలిగేవాళ్లు తగ్గిపోతున్నారు. అటు తెలుగు, ఇటు ఉర్దూ రెండూ చదవగలిగే పిల్లలు ఇంకా తక్కువ. ఏ యూనివర్సిటీ అయినా వెతుక్కునే హునర్ అది. మా దోస్త్ కూతురికి అది ఇంట్లోనే దొరికింది. దాన్ని ఆమె 'బ్యాక్‌వర్డ్‌నెస్' అనుకునేట్టు మనమే చేస్తున్నాం.

చివరగా ఆ పిల్లాడి నోట్‌బుక్. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ పేరు 'మైదాన్' సినిమా తర్వాత అందరికీ తెలిసింది. సినిమా మనకు జజ్బా చూపించింది, మంచిదే. ఆయన దిమాగ్ గురించి మాత్రం మనం తక్కువ మాట్లాడుకున్నాం. ఆయన అసలుకు బడి మాస్టర్. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన టీం 10-1తో ఓడింది. చలిలో మనవాళ్లలో ఎక్కువమంది వట్టి కాళ్లతో ఆడారు. రహీం సాబ్ దాన్ని కిస్మత్ అని వదిలేయలేదు. హంగరీ వంటి జట్లు ఎట్లా ఆడుతున్నాయో గమనించాడు. మన ఆటగాళ్లు బంతిని ఎక్కువసేపు కాళ్ల దగ్గరే పెట్టుకుంటారని గుర్తుపట్టి, డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో హైదరాబాద్‌లో టోర్నమెంట్లు పెట్టాడు. బలం లేని కాలితోనే తన్నాలని ఇంకో టోర్నమెంట్. ఇది ప్రయోగం కాక మరేంటి? ఒక సవాల్, దానికి ఒక అందాజా, దాన్ని పరీక్షించే మైదాన్, చివరికి నతీజా. 1950 నుంచి 1954 దాకా హైదరాబాద్ సిటీ పోలీస్ టీం వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా గోల్డ్ తెచ్చింది. ఆ ఫైనల్లో తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించాడు, ఆయన గోల్ కొట్టాడు. అప్పటికే రహీం సాబ్ ఒంట్లో క్యాన్సర్. 1963 జూన్‌లో పోయారు.

ఎవరు ఏ కాలితో గోల్ కొట్టారో రాసుకునే పిల్లాణ్ణి 'టైం ఖరాబ్' అనేముందు ఇది గుర్తుంచుకోండి. రహీం సాబ్ కూడా మొదలుపెట్టింది అక్కడే, ఏ కాలు బలహీనంగా ఉందో చూడడంతో.

నాకు తెలుసు, ఇక్కడ కొందరు అడుగుతారు: "భాయ్, అవన్నీ నిజాం ఖజానా ఉన్న రోజులు. మాకు నెలాఖరుకు కిరాయి కట్టడమే కష్టం." ఈ మాటలో నిజముంది. పేదరికంలో శౌక్ మహంగా. పిల్లాడు ఇంటర్ కాగానే దుకాణంలో కూర్చుంటే గానీ ఇల్లు గడవని ఘర్లు మన దగ్గర వేలల్లో ఉన్నాయి. వాళ్లకు ఉపదేశం ఇచ్చే హైసియత్ నాకు లేదు. సర్కార్ జిమ్మేదారీ కూడా నేను మాఫ్ చేయను. బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ పాత ఇమారత్ పక్కనే ఒక పెద్ద సామాజిక పరిశోధన సంస్థ నడుస్తోంది, నక్షత్రాలు చూసిన గుమ్మటం మాత్రం వీరాన్‌గా నిలబడి ఉంది. ఆ గుమ్మటం బాగుచేసి స్కూలు పిల్లలకు చూపించమని అడగడం మన హక్.

కానీ ఖజానా ఒక్కటే కారణం కాదు. గోలకొండ కవుల సంచికకు ఖజానా లేదు, ఉత్తరాలున్నాయి. రహీం సాబ్ టోర్నమెంటుకు లాబొరేటరీ లేదు, ఒక షరతు ఉంది. హమీదుల్లా సాబ్‌కు ఒక దేశమే లేదు. నేను బీఫార్మసీ వద్దనడం లేదు. ఫార్మసీ చదివే పిల్ల కూడా 'ఈ మందు మా మొహల్లాలో ఎందుకంత ఎక్కువగా అమ్ముడవుతోంది' అని అడిగితే అదే తహ్కీక్. సబ్జెక్టుల్లో ఊంచ్-నీచ్ పెట్టకండి అంటున్నాను. నక్షత్రం, నెత్తురు, చెరువు, చేతిరాత, ఫుట్‌బాల్, వీటిలో ఏదీ చిన్నది కాదు. అడగడం, లెక్కపెట్టడం, రాసుకోవడం, ఎవరైనా తప్పు పడితే రూఠ్ కాకుండా మళ్లీ చూడడం, చివరికి తర్వాతివాళ్ల చేతికి ఇవ్వడం. ఐదింటిలోనూ జరిగింది ఇదే.

అందుకే మన ఇళ్లల్లో కొన్ని పనులు మొదలుపెడదాం. దాదా పోయాక ఆయన సందూక్‌లో కాగితాలు రద్దీవాలాకి వేసేముందు ఒక్కసారి ఉర్దూ చదవగలిగేవాళ్లకు చూపించండి, అందులో ఇంటి నక్షా ఉండొచ్చు, మొహల్లా తారీఖే ఉండొచ్చు. నానీమా బతికుండగానే ఫోన్‌లో ఆమె మాటలు రికార్డు చేయండి, ఆమె పెళ్లిలో ఏం వండారో, 1970ల్లో నీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చేవారో అడగండి. వానాకాలం రాకముందే మీ గల్లీ నాలా ఎటు పోతుందో పిల్లలతో నడిచి చూసి నక్షా గీయించండి. ఇంట్లో ఎవరైనా నోట్‌బుక్ నింపుతుంటే, అది క్రికెట్ స్కోరైనా, పావురాల సంగతైనా, పతంగుల మాంజా సంగతైనా, దాన్ని చింపకండి. గ్రూపులో 'మనదే' అని ఏదైనా వస్తే ముందుకు పంపేముందు మూడు సవాళ్లు అడగండి: ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఎక్కడ రాసుంది? జవాబు దొరికితే ఫఖర్‌తోపాటు ఆ జవాబు కూడా పంపండి. దొరక్కపోతే వెతకండి.

మా దోస్త్‌కి నేనిచ్చిన జవాబు చిన్నదే: "భాయ్, పిల్లను చదవనీ. ఎం.ఏ. పూర్తయ్యేలోగా మన గుర్రం చెరువు మీద ఒక కాగితం రాయమను. ఎప్పటిది, ఎంత ఉండేది, ఎంత మిగిలింది, ఎవరు పూడ్చారు. ఆ కాగితం మన ఇద్దరి ఇళ్లకూ అవసరం." ఆయన ఇంకా ఔననలేదు. కానీ ఆ రోజు సాయంత్రం చెరువు ఎవరి హయాంలోదని నన్నే ఫోన్ చేసి అడిగాడు. బిటియాని అడగమన్నాను.